ఫుల్ బాడీ సిగార్‌ని రుచి చూడటం, మార్కులు వేయడం ఎలా

మొదటిసారి గట్టి సిగార్ వెలిగించిన రోజు నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. స్నేహితుడి మేడ మీద, సాయంత్రం ఆరింటికి, మధ్యాహ్నం రెండు ఇడ్లీలతో సరిపెట్టిన కడుపుతో కూర్చున్నాను. సిగరెట్ అలవాటున్న చేయి కదా, నిమిషానికి మూడు నాలుగు దమ్ములు లాగేశాను. ఇరవై నిమిషాలకు చేతులు చల్లబడ్డాయి, నుదుట చెమట పట్టింది, మెట్లు దిగలేక గోడ పట్టుకుని కూలబడ్డాను. వాళ్లమ్మగారు చూసి, ఏమీ అడక్కుండా గ్లాసు నీళ్లలో రెండు చెంచాల పంచదార కలిపి తెచ్చిచ్చారు. "మా మావయ్యగారు ఏభై ఏళ్లు చుట్ట కాల్చారు బాబూ. ఒక్కరోజు కూడా అన్నం తినకుండా వెలిగించలేదు" అన్నారు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్నది ఒకే ముక్క: "చాలా స్ట్రాంగ్. బాగుంది." ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఆ సిగార్ ఎలా ఉందో ఆ వాక్యంలో ఏమీ లేదు, నా కడుపు ఖాళీగా ఉందన్న సంగతి తప్ప.

ఇది ఇప్పటికే అప్పుడప్పుడు సిగార్ కాల్చే పెద్దవాళ్ల కోసం రాస్తున్నది. అలవాటు లేనివాళ్లు దీన్ని చదివి మొదలుపెట్టాల్సిన పని లేదు.

ముందు మూడు మాటలు విడదీయండి

మనవాళ్లు అన్నిటికీ కలిపి 'స్ట్రాంగ్' అనేస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. బలం వేరు, బాడీ వేరు, రుచి వేరు.

బలం అంటే నికోటిన్. అది నాలుకకు కాదు, ఒంటికి తెలుస్తుంది: గుండె కాస్త వేగం అందుకోవడం, తల తేలికవడం, శ్రుతి మించితే చెమటలు. బాడీ అంటే నోట్లో పొగ బరువు. పలచటి మజ్జిగ ఒక గుక్క తాగండి, తర్వాత గట్టి పెరుగు ఒక చెంచా నోట్లో పెట్టుకోండి. రెండూ ఒకే కుండలోవే, కానీ నోట్లో కూర్చునే తీరు వేరు. ఆ తేడానే బాడీ. ఇక రుచి అంటే ఏమేం తెలుస్తున్నాయి, ఎంత స్పష్టంగా తెలుస్తున్నాయి అన్నది.

కాఫీతో చెబితే ఇంకా తేలిక. నీళ్ల పాలలో ఇన్‌స్టంట్ పొడి రెండు చెంచాలు ఎక్కువేస్తే బలం ఉంటుంది, బాడీ ఉండదు. చిక్కటి గేదెపాలలో కొంచెమే డికాక్షన్ పోస్తే బాడీ ఉంటుంది, బలం అంతగా ఉండదు. రెండూ ఉండి, కాఫీ గింజ కమ్మదనం కూడా తెలిస్తే అది మంచి కాఫీ. సిగార్‌లోనూ అంతే. ఫుల్ బాడీ అన్నది వర్ణన మాత్రమే, మెచ్చుకోలు కాదు. గట్టిగా ఉండి పేలవంగా ఉన్న సిగార్లు నేను చాలానే కాల్చాను.

ఈ బలం ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే కాల్చేటప్పుడు పనికొస్తుంది. పొగాకు మొక్క పైభాగాన ఎండ బాగా తగిలే ఆకును స్పానిష్‌లో లిహేరో అంటారు. మందంగా, జిడ్డుగా ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది, ఘాటంతా అందులోనే. మధ్య ఆకు సేకో, దానిది వాసన. కింది ఆకు వొలాడో, అది బాగా మండి మిగతావాటిని కాలనిస్తుంది. ఫుల్ బాడీ సిగార్‌లో లిహేరో పాలు ఎక్కువ. అది నెమ్మదిగా కాలుతుంది కాబట్టి చుట్టేవాళ్లు దాన్ని సరిగ్గా నడిమధ్యలో పెడతారు. ఈ లోపలి ఆకుల చుట్టూ ఒక కట్టు ఆకు, దానిపైన కంటికి కనిపించే పై ఆకు. పై ఆకు పలచనిదే అయినా రుచిలో దాని వాటా తక్కువేం కాదు.

ఏ సిగార్‌తో నేర్చుకోవాలి

ఒక్క రకం పట్టుకుని కనీసం మూడు కాల్చండి, రోజుకొకటి కాదు, వారాల ఎడంతో. నేను నేర్చుకున్నది పార్తగాస్ సెరీ డి నంబర్ 4తో. పార్తగాస్ 1845లో హవానాలో మొదలైన పేరు. ఈ డి4 పొట్టిగా, బొద్దుగా ఉండే రోబుస్తో సైజు: పొడవు 124 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 50. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క, అంటే 50 గేజ్ సిగార్ దాదాపు 20 మిల్లీమీటర్ల లావు. ఆకంతా క్యూబాదే. క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో నేలకు ఈ పొగాకులో ఉన్న పేరు, మన దగ్గర గోదావరి లంకలకున్న పేరులాంటిది. వరద తెచ్చిన ఒండ్రులో పెరిగిన లంక పొగాకు తెలిసినవాళ్లకు, నేల మారితే ఆకు మారుతుందని విడిగా చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉండే మనవాళ్లకు క్యూబా సిగార్ దారి మూసుకుపోయే ఉంది. 1962లో మొదలైన ఆంక్షలను మధ్యలో కొన్నేళ్లు ప్రయాణికుల కోసం సడలించినా, 2020లో మళ్లీ బిగించారు. దానికి బాధపడనక్కర్లేదు. క్యూబా విప్లవం తర్వాత దేశం వదిలిన పొగాకు కుటుంబాలు కొన్ని నికరాగ్వా చేరాయి. అక్కడి ఎస్తెలీ పట్టణం చుట్టుపక్కల ఆకు ఘాటుకు పెట్టింది పేరు. పద్రోన్ 1964 యానివర్సరీలో మదూరో (పై ఆకు నల్లగా ఉండే) రకం, మై ఫాదర్ వాళ్ల లె బిజూ 1922, ఈ రెంటిలో ఏదైనా ఈ పాఠానికి చక్కగా సరిపోతుంది.

బీచ్‌లో, టాక్సీ డ్రైవర్ చేతిలో, గాజు మూత ఉన్న పెట్టెలో క్యూబా సిగార్ చవగ్గా దొరికితే మాత్రం అది క్యూబాది కాదు. బేరమాడే శ్రమ కూడా వద్దు.

నిల్వ: మన ఎండలకు తగ్గట్టు

ఆకు ఎండితే పొగ వేడెక్కి నాలుక కాలుతుంది. తడి ఎక్కువైతే దమ్ము రాదు, కుదురుగా కాలదు, రుచి పుల్లబడుతుంది. గాలిలో తేమ 65 నుంచి 69 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. హైదరాబాద్ మే నెలలో ఏసీ గదిలో గాలి ఎండిపోయి ఉంటుంది, అదే నెలలో విశాఖలో గోడకు చెమట పడుతుంది. అందుకని చెక్క పెట్టె మీద డబ్బు పోయకండి. రబ్బరు రింగున్న గట్టి మూత డబ్బా, లోపల 65 శాతం తేమ పొట్లం (బోవెడా లాంటివి) ఒకటి, అంతే. ఇంట్లో చల్లటి మూల చూసి పెట్టండి. వేడి 25 డిగ్రీలు దాటిన కొద్దీ ఆకులో దాగిన పొగాకు పురుగు గుడ్లు పొదిగే ముప్పు పెరుగుతుంది. పై ఆకు మీద గుండుసూది గుచ్చినట్టు చిన్న చిల్లు కనిపిస్తే ఆ సిగార్‌ని వెంటనే వేరు చేయండి.

తేమ మీటరును కొన్న రోజే నమ్మకండి. సోడా సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేదాకా చుక్క చుక్కగా నీళ్లు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు, తడవాలి అంతే. దాన్నీ మీటరునూ కలిపి జిప్ కవర్‌లో పెట్టి మూసి ఒక రోజు కదపకుండా వదిలేయండి. తడి ఉప్పు చుట్టూ గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటరు 71 చూపితే అది నాలుగు తక్కువ చెబుతోందన్నమాట. నా మొదటి మీటరు 66 చూపించింది. అంటే ఆరు నెలల పాటు నేను పచ్చి సిగార్లు కాల్చి, కంపెనీ వాళ్లను తిట్టుకున్నాను.

దూరం నుంచి వచ్చిన సిగార్‌ని వచ్చిన రోజే వెలిగించకుండా డబ్బాలో రెండు వారాలు ఉండనివ్వండి. నిప్పు పెట్టే కొస వాసన చూస్తే ముక్కు చుర్రుమనే అమ్మోనియా కొట్టిందా? ఆకు ఇంకా పులిసి తేరలేదు. దాన్ని నెలల తరబడి మరిచిపోవడమే మందు.

ఆ రోజు కడుపు, నోరు

అన్నం తిన్న గంటకు కూర్చోండి. పెరుగన్నంతో ముగించిన భోజనమైతే మరీ మంచిది. ఆ పూట ఆవకాయ, గోంగూర, పచ్చిమిర్చి బజ్జీ వద్దు. కారం తిన్న నాలుక మీద మిరియం ఘాటు సిగార్‌దో కూరదో మీకే తెలియదు. జర్దా కిళ్లీ సంగతి చెప్పక్కర్లేదు. పక్కన మామూలు నీళ్లు, ఒక బెల్లం ముక్క పెట్టుకోండి. మద్యంతో జత కలపడం తర్వాతి సంగతి. బేరీజు వేసే రోజు నీళ్లే.

సిగరెట్ కాల్చేవాళ్లకు ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మన ప్రకాశం, గుంటూరు వైపు వర్జీనియా ఆకును బ్యారన్‌లలో వేడి గాలితో ఆరబెడతారు. అందులో చక్కెర మిగిలిపోతుంది, దాని పొగ ఆమ్లగుణంతో ఉంటుంది. ఆ పొగలో నికోటిన్ ఒంటికి పట్టాలంటే ఊపిరితిత్తుల్లోకి లాగాలి. సిగార్ ఆకు గాలికే ఆరుతుంది, తర్వాత గుట్టలుగా పోస్తే తన వేడికి తానే పులుస్తుంది. చక్కెర పోతుంది, పొగకు క్షారగుణం వస్తుంది. ఆ పొగ నోట్లో ఉంటే చాలు, బుగ్గల లోపలి చర్మం నుంచే నికోటిన్ ఎక్కుతుంది. అంచేత సిగార్ పొగ మింగకండి. మింగకపోయినా ఎక్కుతుందని తెలిసి కాల్చండి. ఆ మేడ మీద నాకు తెలియనిది ఇదే.

కంటితో, వేళ్లతో

వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. పై ఆకు ఈనెలు సన్నగా ఉన్నాయా, తాడులా లేచి ఉన్నాయా. సన్నటి జిడ్డు మెరుపు ఉంటే ఆకు బతికి ఉన్నట్టు. రంగు ముదురైతే బలం ఎక్కువనుకోవడం అందరూ చేసే పొరపాటు. మదూరో ఆకు నల్లబడటానికి కారణం ఎక్కువకాలం, ఎక్కువ వేడిలో పులియడం. దానివల్ల వచ్చేది చాలాసార్లు తీపిదనమే. తేనెరంగు ఆకు కింద లిహేరో దట్టించిన సిగార్ తల తిప్పేయగలదు.

తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కొస నుంచి కొసకు మెల్లగా నొక్కుతూ వెళ్లండి. మగ్గిన జామకాయలా కొంచెం లొంగి మళ్లీ లేవాలి. ఒకచోట రాయిలా తగిలితే అక్కడ ఆకు బిగిసింది, దమ్ము అక్కడ ఆగుతుంది. ఒకచోట గుల్లగా ఉంటే అక్కడ వేడిగా, తొందరగా కాలుతుంది. చెవి దగ్గర పెట్టి నొక్కినప్పుడు చిటపటమంటే ఎండిపోయినట్టు. పైన బూజు కనిపిస్తే, అదీ నీలం పచ్చ రంగులో నూగులా ఉంటే, పారేయండి.

వాసన రెండుచోట్ల చూడాలి. పై ఆకు వాసన, నిప్పు పెట్టే కొస వాసన. నా డి4 పై ఆకు కొత్త తోలు చెప్పుల వాసన వేసింది, కొస దగ్గర ఎండుగడ్డి, దానికింద పశువుల పాక. పాక వాసన అనగానే మొహం చిట్లించకండి, పొగాకు తెలిసినవాళ్లు దాన్ని మంచి గుణం కిందే రాసుకుంటారు.

కోత, ఉత్త దమ్ము

నోట్లో పెట్టుకునే కొసన గుండ్రటి టోపీలా అతికించిన చిన్న ఆకు ముక్క ఉంటుంది. కోయాల్సింది దాని పైభాగం, రెండు మిల్లీమీటర్లకు మించకుండా. టోపీ అంచు గీత కనిపిస్తుంది, దాన్ని దాటి కోస్తే పై ఆకు విప్పుకుపోతుంది. నోటితో కొంచెం తడిచేసి, రెండంచుల కట్టర్‌తో ఒక్క విసురులో కోయండి. కూరగాయల కత్తితో నెమ్మదిగా రంపపుకోత కోస్తే ఆకు చిరుగుతుంది. అనుమానమైతే తక్కువ కోయండి, చాలకపోతే మళ్లీ కోయొచ్చు.

వెలిగించకుండానే రెండు దమ్ములు లాగండి. సన్నటి స్ట్రాతో చిక్కటి లస్సీ తాగుతున్నంత కష్టమైతే బిగుతు. ఖాళీ గొట్టంలోంచి గాలి వచ్చినట్టుంటే మరీ వదులు. మంచినీళ్లు స్ట్రాతో లాగినట్టు, కొంచెం అడ్డం తగులుతూ రావాలి. ఈ ఉత్త దమ్ములోనే నాలుక మీదికి కొన్ని వస్తాయి. ఎండుద్రాక్ష తీపి, చెక్కపెట్టె వాసన, పెదవి మీద చురుక్కుమనే మిరియం. రాసుకోండి. వెలిగించాక ఇవి మళ్లీ కనబడవు.

వెలిగించడం

పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, ఆ వాసన ఆకు పట్టేస్తుంది. బ్యూటేన్ లైటరో, పొడవాటి అగ్గిపుల్లో చాలు. అగ్గిపుల్ల అయితే మందు పూర్తిగా మండి చెక్క అంటుకునేదాకా ఆగండి. సిగార్‌ని వాలుగా పట్టుకుని, మంట కొసను ఆకుకు తాకనివ్వకుండా, అప్పడం కాల్చినట్టు తిప్పుతూ అంచులు కాగనివ్వండి. అంచంతా నల్లబడి, చుట్టూ సన్నటి ఎర్రటి గీత కనపడ్డాక నోట్లో పెట్టుకుని, తిప్పుతూ రెండు మెల్లటి దమ్ములు. కొసను ఊది చూడండి, నిప్పు అంతటా ఒకేలా వెలగాలి. ఒక పక్క నల్లగా ఉంటే అక్కడ మాత్రం మళ్లీ మంట చూపించండి. ఈ పనికి ఒక నిమిషం పడుతుంది. ఈ నిమిషం మిగుల్చుకోబోయి గంటంతా పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

కాల్చే వేగం, ముక్కు సంగతి

నిమిషానికి ఒక్క దమ్ము. గడియారం పెట్టుకుని మొదటి పది నిమిషాలు లెక్క చూడండి, మీరు అనుకున్నదానికి రెట్టింపు వేగంగా లాగుతున్నారని తెలుస్తుంది. ఫుల్ బాడీ సిగార్ వేడెక్కితే రుచులన్నీ కలిసిపోయి ఒకటే చేదవుతుంది. దాన్ని చాలామంది 'ఘాటు' అనుకుంటారు. అది మాడిన పోపు.

పొగను నోట్లో రెండు మూడు సెకన్లు నిలిపి, నాలుక మీద, బుగ్గల పక్కన తిరగనిచ్చి వదలండి. ఇక అసలు కిటుకు ముక్కుది. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొన్నే. మిగతా అంతా ముక్కు పని. జలుబు చేస్తే పప్పుచారు రుచి తెలియనట్టే. నోట్లో ఉన్న పొగలో మూడొంతులు ముందు నోటితో వదిలేసి, పెదవులు మూసి, మిగిలిన పావుభాగాన్ని మెల్లగా ముక్కు గుండా పంపండి. పొగ నోటి వెనక నుంచి పైకి వెళ్లాలి, కిందికి ఊపిరితిత్తుల్లోకి కాదు. లోపలికి గాలి పీల్చకుండా, 'మ్' అని మూలిగినట్టు బయటికి తోస్తే దారి తెలుస్తుంది. మొదటి రెండుసార్లు కళ్లలో నీళ్లొస్తాయి. ఫుల్ బాడీ సిగార్‌తో ప్రతి దమ్ముకూ ఇది చేయకండి, ఐదారు దమ్ములకొకసారి చాలు.

తెలిసినదానికి పేరు పెట్టడం కష్టం అనిపిస్తుంది. విదేశీ సమీక్షల్లో కనిపించే బెర్రీలు, మేపుల్ సిరప్ మనం పుట్టి పెరిగిన రుచులు కావు. మన వంటింట్లో వెతకండి. పెనం మీద ధనియాలు వేగుతున్న వాసన, మాడీమాడని వేరుశనగ పొట్టు, బెల్లం పాకం తీగ సాగే ముందు దశ, దంచిన మిరియాలు, లవంగం కొరికితే వచ్చే మంట, తొలకరికి లేచిన మట్టి, గంధపు చెక్క, డికాక్షన్ దిగాక ఫిల్టర్‌లో మిగిలిన పొడి. వీటిలో ఏది గుర్తొస్తే అది రాయండి. ఏదీ రాకపోతే 'తెలియలేదు' అని రాయండి. పక్కవాడు జాజికాయ అన్నాడని మీరూ జాజికాయ రాస్తే ఆ నోట్‌బుక్ ఎందుకూ కొరగాదు.

మూడు భాగాలు

సిగార్‌ని మూడు సమాన భాగాలుగా అనుకుని విడివిడిగా రాయాలి. హవానా సిగార్ గురించి ఫ్రెంచివాళ్లకు ఒక సామెత ఉంది: ఫ్వాన్, దివాన్, ప్యురాన్. మొదటిది గడ్డి, రెండోది దివ్యం, మూడోది పేడనీళ్లు. మూడో మాట కొంచెం అతిశయమే, కానీ వరస సరైనదే.

నా నోట్‌బుక్‌లో రెండో డి4 పేజీ ఇలా ఉంది. 7:10కి వెలిగించాను. మొదటి ఐదు నిమిషాలు మిరియం, ముక్కులో బాగా. పావుగంటకు మిరియం వెనక్కి తగ్గింది, ఎండుగడ్డి, వేయించిన గింజ. పొగ పలచన, బాడీ ఐదుకు 3. 7:30కి రెండో భాగం. పొగ బరువెక్కింది, నూనె రాసినట్టు నాలుకకు అంటుకుంటోంది, బాడీ 5. చేదు చాక్లెట్, తోలు, ముక్కుతో వదిలితే ధనియాలు. బలం ఇంకా 3 దగ్గరే. 7:50కి కంపెనీ పేరున్న కాగితపు పట్టీ దగ్గరికి వచ్చింది. మట్టి, నల్ల కాఫీ, అరచేతిలో చిరుచెమట, బలం 4. నీళ్లు తాగి ఐదు నిమిషాలు ఆపాను. 8:02కి చేదు మొదలైంది, వదిలేశాను.

రెండో భాగంలో బాడీ ఐదుకు వెళ్లినా బలం మూడు దగ్గరే ఆగింది కదా. మొదట విడదీసిన మూడు మాటల పని ఇదే. ఒక్క 'స్ట్రాంగ్'తో రాసుంటే ఆ పేజీలో ఇది దొరికేది కాదు.

బూడిద గురించి రెండు ముక్కలు. సిగరెట్‌లా తట్టకండి. అంగుళం వచ్చాక ఆష్‌ట్రే అంచుకు ఆనించి తిప్పితే అదే రాలుతుంది. గట్టిగా నిలిచే బూడిద లోపలి ఆకు పొడవుగా, బాగా చుట్టిందని చెబుతుంది. బూడిద ఎంత పొడవు నిలబెట్టారన్న పందేలు చొక్కా కాలడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

తేడా వచ్చినప్పుడు

నిప్పు ఒక పక్కకు పరిగెడితే కాసేపు ఆగి, వెనకబడ్డ పక్కను కిందికి తిప్పి పట్టుకోండి, చాలాసార్లు తనే సర్దుకుంటుంది. లేకపోతే లైటర్‌తో ఆ పక్కను సరిచేయండి. ఒకసారి సరిచేస్తే మార్కులు తీయను, మూడుసార్లైతే తీస్తాను. మధ్యలో కాలి అంచు మిగిలిపోతే, అంటే లోపల సొరంగం పడితే, అది చాలాసార్లు తయారీ లోపం. లిహేరో దట్టించిన సిగార్ ఆరిపోవడం మాత్రం సహజం, దానికి కంగారు వద్దు. బూడిద రాల్చి, లోపలి పాత పొగను ఒకసారి బయటికి ఊదేసి, మళ్లీ వెలిగించండి. ఆరి గంటలైతే వదిలేయండి, పాత పొగ కంపు పోదు.

తల తిరుగుతున్నట్టు, వికారంగా అనిపిస్తే ఆ క్షణమే ఆపండి. బెల్లం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, గాలి తగిలేచోట కూర్చోండి. ఇక్కడ మగతనం పరీక్ష ఏమీ లేదు.

మార్కులు

సిగార్ అఫిషనాడో లాంటి పత్రికలు వందకు మార్కులు వేస్తాయి, పట్టీ తీసేసి, పేరు తెలియకుండా కాల్చి. రెండోదాన్ని మాత్రం కచ్చితంగా కాపీ కొట్టండి. ఇంట్లోవాళ్లతో పట్టీలు తీయించి, నంబర్లు వేయించండి. ఖరీదు తెలిస్తే నాలుక అబద్ధం చెబుతుంది. నేను మూడు నెలలు మెచ్చుకున్న ఖరీదైన సిగార్ ఒకటి, పట్టీ తీశాక దాని సగం ధర ఉన్నదాని కింద నిలిచింది.

వంద మనకు ఎక్కువ. 87కూ 88కీ తేడా నాకు తెలియదు, మీకూ తెలియదు. నేను ఇరవైకి వేస్తాను. చూపు, తయారీ కలిపి నాలుగు. దమ్ము, కాలే తీరు కలిపి నాలుగు. రుచికి ఆరు. మొదటి నుంచి చివరికి రుచి మారిందా అన్నదానికి మూడు. పొగ వదిలాక నోట్లో ఎంతసేపు, ఎంత బాగా నిలిచిందన్నదానికి మూడు. బలం, బాడీ పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసి వదిలేస్తాను, వాటికి మార్కులు లేవు. కారం ఎక్కువుందని కూరకు మార్కులు వేయం కదా. మూడు సిగార్లు కాల్చాక సగటు తీయండి. చేత్తో చుట్టినవి, ఒకే పెట్టెలో ఒకటి బిగుతు, ఒకటి వదులు ఉంటాయి.

ఎంత, ఎక్కడ

మామూలు సిగరెట్‌లో గ్రాము లోపే పొగాకు. పెద్ద సిగార్‌లో 5 నుంచి 20 గ్రాముల దాకా ఉండొచ్చు, కొన్నిటిలో ఒక పెట్టె సిగరెట్లంత. పొగ మింగకపోయినా నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహికలకు క్యాన్సర్ ముప్పు ఉంది. ఉత్తరాంధ్ర తీరాన నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలిలో వచ్చే పుండ్లు, క్యాన్సర్ల మీద దశాబ్దాలుగా డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. అదీ నోటి దాకా వెళ్లే పొగే. మీరు ఎన్నాళ్లకొకటి కాలుస్తున్నారో నోట్‌బుక్ తేదీలే చెబుతాయి. రెండు తేదీల మధ్య ఎడం తగ్గుతుంటే అది రుచి చూడటం కాదు, అలవాటు. నోట్లో మానని పుండో తెల్ల మచ్చో కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

మన దేశంలో బహిరంగ ప్రదేశాల్లో 2008 అక్టోబరు 2 నుంచి పొగతాగడం నిషేధం, పద్దెనిమిదేళ్ల లోపువారికి అమ్మడమూ నేరమే. అపార్ట్‌మెంట్ బాల్కనీ మీదే అయినా పొగ పై ఫ్లోర్ వాళ్లది. పిల్లలున్న ఇంట్లో గదిలో కాల్చకండి, ఆ పొగ పరదాల్లో రోజుల తరబడి ఉంటుంది. మేడ మీద, గాలి వాలు చూసుకుని కూర్చోవడమే నయం.

ఆపడం

వేళ్లకు వేడి తగిలినప్పుడో, చేదు రెండు దమ్ములు వరసగా వచ్చినప్పుడో ఆపండి. ఆష్‌ట్రేలో నలపకండి, నలిపితే కంపు లేస్తుంది. ఆనించి వదిలేస్తే తనే ఆరిపోతుంది. పూర్తిగా ఆరిందని చూసుకుని, మిగిలిన ముక్కను ఆ రాత్రే బయట పారేయండి. పళ్లు తోముకోండి, కానీ మార్కులు అప్పుడే కూడకండి.

పొద్దున లేవగానే, కాఫీ తాగకముందు, నోరెలా ఉందో ఒక్క లైను రాసి అప్పుడు కూడండి. నా రెండో డి4 రాత్రి పదహారున్నర ఉండేది. పొద్దున ఆ లైను: "నోట్లో తడి గన్నీబస్తా." నిలిచిన రుచికి ఒక మార్కు తీసేశాను, పదిహేనున్నర.